పగ్గం పడే వేళ: సర్ జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శి గారు కోరేనాటికి కాటన్ దొర గారినీ, విశ్వేశ్వరయ్య గారినీ, ఎల్లాప్రగడ సుబ్బారావు గారినీ మిత్రులు ముందే పంచేసుకున్నారు. నాకు దిగులు కలగలేదు. నేను రాయదలచుకున్న మనిషి జోలికి ఎవరూ రారని నాకు ముందే తెలుసు. ఆయన పేరు సర్ జోసెఫ్ బార్‌క్రాఫ్ట్. వైద్య కళాశాలల్లో పనిచేసినవారికి తప్ప మన సభ్యుల్లో ఈ పేరు విన్నవారు తక్కువ. ఆయన తన కాలంలో జగమెరిగిన శాస్త్రవేత్త. పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. అరవై నిండాక మొదలుపెట్టిన పని వల్ల ఆయన నాకు దగ్గరయ్యారు. అందుకు ఇంకో కారణం మా ఇంటి సంగతి, అది తరువాత చెబుతాను.

ముందుగా ఒక మాట విన్నవించుకుంటాను. నేను డాక్టరును కాను. ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఫిజియాలజీ విభాగంలో 1972లో ల్యాబ్ అటెండరుగా చేరి, 2006లో టెక్నీషియనుగా పదవీ విరమణ చేశాను. విద్యార్థులు రాకముందే మెరుపు కాగితాన్ని కైమోగ్రాఫ్ డ్రమ్ముకు చుట్టి, మంట మీద తిప్పుతూ మసి పట్టించడం నా మొదటి ఉద్యోగం. మసి పలచనైతే గీత కనపడదు, మందమైతే సూది ఆగిపోతుంది. ఆ పని చేసి ఇంటికి వెళితే మా ఆవిడ నా చొక్కాలు వేరే బకెట్టులో నానబెట్టేది.

ఆ డ్రమ్ము మీద రాసేది కప్ప గుండె. గుండె కొనకు వంచిన గుండుసూది తగిలించి, దారంతో లీవరుకు కడితే, కొట్టుకున్నప్పుడల్లా లీవరు పైకి లేచి మసి మీద తెల్లగీత గీస్తుంది. అప్పుడు మెడలోంచి వచ్చే వేగస్ నరానికి ఇండక్షన్ కాయిల్ తీగలు ఆనిస్తాం. గీత మెల్లబడి, ఒక్కసారిగా తిన్నగా పడుకుంటుంది. గుండె ఆగిపోయిందన్నమాట. మొదటిసారి చూసిన పిల్లలు ఊపిరి బిగబట్టేవారు. అయితే కరెంటు అలాగే ఉంచినా, కాసేపటికి గుండె ఆ పట్టు విడిపించుకుని మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఒక చుక్క అట్రోపిన్ వేసి మళ్ళీ తీగలు ఆనిస్తే, ఈసారి గుండె ఆగనే ఆగదు. చివరకు గుండెను కోసి తీసి రింగర్ ద్రవంలో వేసినా, ఏ నరమూ లేకుండానే అది చాలాసేపు తన పాటికి తాను కొట్టుకుంటూనే ఉంటుంది.

మా ప్రొఫెసరు గారు కృష్ణా జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చినవారు. దీన్ని ఎడ్లబండి భాషలో చెప్పేవారు. ఎద్దు తనంతట తానే నడుస్తుంది, నడక దాని ఒంట్లోనే ఉంది. వేగస్ నరం పగ్గం, లాగితే నెమ్మదిస్తుంది. సింపథెటిక్ నరాలు ముల్లుకర్ర, పొడిస్తే పరుగెడుతుంది. ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నేను ఆ గదిలో మళ్ళీ వినలేదు. 1984లోనో 85లోనో ఒక అమ్మాయి లేచి అడిగింది: తల్లి కడుపులో ఉన్న బిడ్డ గుండెకు ఈ పగ్గం ఎప్పుడు పడుతుంది అని. ప్రొఫెసరు గారు వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు లైబ్రరీ నుంచి ఒక పాత పుస్తకం తెప్పించారు. రిజిస్టరులో సంతకం పెట్టి తెచ్చింది నేనే. బార్‌క్రాఫ్ట్ రాసిన ‘రిసెర్చెస్ ఆన్ ప్రీనేటల్ లైఫ్’, 1946లో అచ్చయినది. పిల్లల పని అయిపోయాక తిరిగి ఇచ్చే ముందు నేను కూడా బొమ్మలు చూస్తూ, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాకు అర్థమైనది నాలుగోవంతు. అయినా ఆ మనిషి నన్ను వదలలేదు.

బార్‌క్రాఫ్ట్ 1872 జులై 26న ఐర్లండు ఉత్తర భాగంలోని న్యూరీ పట్టణంలో, క్వేకర్ మతశాఖకు చెందిన కుటుంబంలో పుట్టారు. యార్కులోని బూథమ్ స్కూలులో, తరువాత కేంబ్రిడ్జిలోని లీస్ స్కూలులో చదివి, అక్కడి కింగ్స్ కాలేజీలో చేరి 1896లో పట్టా పొందారు. అప్పటికి కేంబ్రిడ్జి ఫిజియాలజీ ప్రయోగశాల మైఖేల్ ఫోస్టర్ చలవతో పెద్ద పేరు తెచ్చుకుని ఉంది. అక్కడి గాస్కెల్ అనే ఆయన, గుండె కొట్టుకోవడానికి మూలం నరాలు కాదు, గుండె కండరమే అని కప్పల మీద, తాబేళ్ళ మీద చూపించారు. లాంగ్లీ అనే మరొకాయన, మన ప్రమేయం లేకుండా గుండెనూ పేగులనూ నడిపే నరాల వ్యవస్థకు ఆటోనమిక్ అనే పేరు పెట్టారు. అంటే నేను మసి డ్రమ్ము మీద ముప్పై నాలుగేళ్ళు చూసిన నాటకానికి రంగస్థలం కట్టినవారు వీళ్ళే. వేగస్‌ను కదిపితే గుండె ఆగుతుందని వెబర్ సోదరులు 1845లోనే జర్మనీలో చూపారనుకోండి.

విచిత్రమేమంటే బార్‌క్రాఫ్ట్ మొదట ఈ నరాల దారిన పోలేదు. ఆయన ధ్యాసంతా రక్తం మీద. రక్తం ప్రాణవాయువును ఎలా ఎక్కించుకుంటుంది, ఎక్కడ దించుతుంది అన్నదే ముప్పై ఏళ్ళ పని. కొద్దిపాటి రక్తంలో ఎంత వాయువుందో కొలవడానికి ఆయన తయారుచేసిన గాజు మానోమీటరు ప్రపంచమంతా వ్యాపించింది. దాని మీదే మార్పులు చేసి జర్మనీలో వార్‌బర్గ్ తన పరికరం కట్టుకున్నాడు. అటువంటిదొకటి మా విభాగంలో కూడా చెక్కపెట్టెలో ఉండేది. నేను నెలకొకసారి తుడిచేవాణ్ణి. నేను రిటైరయ్యే ముందు పాత సామాను వేలంలో అది గాజు తూకానికి పోయింది. ఆపమని నోటు పెట్టాను. ఫైలు తిరిగి రాలేదు. ఏ ఆఫీసులోనైనా అంతే కదా.

ఆయన 1903లో ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త సర్ రాబర్ట్ బాల్ కుమార్తెను పెళ్ళాడారు. వారి పెద్దబ్బాయి హెన్రీ కూడా తరువాత పేరున్న ఫిజియాలజిస్టు అయ్యారు. బార్‌క్రాఫ్ట్ 1910లో రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. అదే ఏడు టెనరిఫ్ కొండకూ, మరుసటి ఏడు మాంటీ రోసాకూ వెళ్ళి పలచటి గాలిలో మనిషి రక్తం ఎలా ఉంటుందో చూశారు.

ఇక గాజుగది సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పలచటి గాలిలో ఊపిరితిత్తులు గ్రంథుల్లా పనిచేసి ప్రాణవాయువును రక్తంలోకి తోస్తాయని జె.ఎస్. హాల్డేన్ వాదించేవారు. కాదు, ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అది తానే పాకుతుందని బార్‌క్రాఫ్ట్ నమ్మకం. ఇద్దరూ ఉద్దండులే. తేల్చడానికి 1920లో బార్‌క్రాఫ్ట్ ఒక గాజుగదిలోకి వెళ్ళి తలుపు మూయించుకున్నారు. లోపలి గాలిలో ప్రాణవాయువును రోజురోజుకూ తగ్గిస్తూ పోయారు. ఆరు రోజులు అలా గడిపి, చివరి రోజున తన మణికట్టు ధమనిని కోయించుకుని, రక్తం తీయించి కొలిపించారు. ధమని రక్తంలో ప్రాణవాయువు పీడనం ఊపిరితిత్తుల గాలిలో కంటే ఎక్కువ లేదు. అంటే తోయడమేమీ లేదు. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్ళు, ఇద్దరు బిడ్డల తండ్రి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విషవాయువుల పరిశోధనలో ఉండగా ఒక కుక్కను వెంటబెట్టుకుని, ముసుగు లేకుండా సయనైడు వాయువున్న గదిలోకి కూడా వెళ్ళారు. కుక్క పడిపోయింది, ఈయన నడిచి బయటికొచ్చారు. దీన్ని ధైర్యమనాలో ఇంకేమనాలో నాకు తెలియదు. వాళ్ళావిడ ఏమనుకుని ఉంటారో అని మాత్రం నాకు అనిపిస్తుంది.

1921 చివర్లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న సెరో ద పాస్కో అనే గనుల ఊరికి ఒక బృందాన్ని తీసుకెళ్ళారు. అక్కడి ఫలితాల కంటే ఓడ ప్రయాణంలో కలిగిన సందేహమే ఆయన్ను మరో దారి పట్టించింది. ఉష్ణమండలం దాటేటప్పుడు ఒంట్లో రక్తం మొత్తం పెరిగినట్టు కనపడింది. ఈ అదనపు రక్తం ఎక్కడ దాగుంటుంది? అలా ప్లీహం మీద పడ్డారు. ప్లీహం రక్తాన్ని నిల్వచేసి అవసరానికి విడిచిపెట్టే గాదె లాంటిదని జంతువుల్లో చూపారు. ఆ క్రమంలో గర్భంతో ఉన్న జంతువుల్లో ప్లీహం చిన్నదవుతూ పోవడం కంటపడింది. ఆ రక్తమంతా గర్భసంచికి పోతోందా? అక్కడి నుంచి గర్భసంచిలో ఉన్నవాడి దగ్గరికి చేరారు. అప్పటికి 1932 వచ్చింది. ఆయనకు అరవై నిండాయి.

మిత్రులారా, అరవై నిండే వేళకు మనం పింఛను కాగితాలు, గ్రాట్యుటీ లెక్కలు చూసుకుంటూ ఉంటాం. ఆయన 1925లో లాంగ్లీ తరువాత ఆచార్య పీఠం ఎక్కి, 1935లో సర్ బిరుదు పొంది, 1937లో అరవై అయిదో ఏట పదవీ విరమణ చేశారు. కుర్చీ అయితే వదిలారు గానీ గొర్రెలను వదల్లేదు. ఆయన గురించి ఈ రోజు ఎక్కువగా చెప్పుకునే పనిలో పెద్దభాగం ఆ తరువాతదే.

గొర్రెలే ఎందుకంటే, గొర్రె గర్భం సుమారు 147 రోజులు. పిల్ల పుట్టేసరికి బరువులో మనిషి బిడ్డకు దగ్గరగా ఉంటుంది. పైగా ఫలానా రోజున కట్టిందని కచ్చితంగా రాసిపెట్టుకోవచ్చు. తల్లి గొర్రె వెన్నులో మత్తిచ్చి, వెచ్చని ఉప్పునీటి తొట్టిలో ఉంచి, గర్భసంచి తెరిచి, బొడ్డుతాడు తెగకుండా పిల్లను ఆ నీటిలోనే చూసేవారు. తాడు ఆడుతున్నంతసేపు పిల్ల పుట్టనట్టే లెక్క. అమెరికా నుంచి వచ్చిన డోనాల్డ్ బ్యారన్ అనే యువకుడు ఈ పనిలో ఆయనకు కుడిభుజం.

వాళ్ళు చూసినదాంట్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇది. నలభై రోజుల పిండం ముఖం మీద చిన్నగా తడితే ఒళ్ళంతా ఒక్కసారి జలదరిస్తుంది. యాభయ్యో రోజు ప్రాంతంలో ఆ జలదరింపు ఆగకుండా, ఊపిరి తీస్తున్నట్టు లయగా సాగుతుంది. మరికొన్ని రోజులు గడిస్తే ఇంకా చురుగ్గా అవుతుందనుకుంటాం కదా? కాదు. ఆ మీదట పిల్ల నెమ్మదిస్తుంది. తట్టినా గట్టిగా కదలదు. నరాలు చచ్చుబడి కాదు, మెదడు పైభాగాలు కిందికి చేతులు చాచి కింది నరాలను అదుపులో పెట్టడం నేర్చినందువల్ల. ప్రాణవాయువు తగ్గించినా, మెదడు కాండాన్ని పైభాగం నుంచి వేరుచేసినా, ఆ పాత కదలికలు మళ్ళీ బయటపడ్డాయి. అంటే నాడీమండలం ఎదగడమంటే కదిలించడం నేర్చుకోవడమే కాదు, ఆపడం నేర్చుకోవడం కూడా.

గుండె విషయంలోనూ దారి అదే. ఆయనా బ్యారనూ కలిసి గర్భస్థ గొర్రెపిల్లల రక్తపోటును, నాడిని కొలిచి 1945లో ప్రకటించారు. నెలలు నిండే కొద్దీ రక్తపోటు పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. ఇక్కడ రెండు దశలున్నాయని గుర్తుంచుకోవాలి. కరెంటుతో నరాన్ని కదిపితే గుండె మెల్లబడే దశ ముందొస్తుంది. అంటే పగ్గం కట్టి ఉంది. కానీ ఆ పగ్గాన్ని పట్టుకుని సమయానికి లాగే చెయ్యి, అనగా రక్తపోటును కనిపెట్టి మెదడుకు చెప్పి వేగస్ ద్వారా గుండెను నెమ్మదింపజేసే యంత్రాంగం, చాలా తరువాత, గర్భం చివరి భాగంలో గాని గట్టిపడదు. మా తరగతిలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఒక్క తేదీ జవాబు కాకపోవడానికి కారణం ఇదే. ప్రొఫెసరు గారు కూడా ఆ రోజు అలాగే చెప్పి, బోర్డు మీద ఒక వాలుగీత గీసి వదిలేశారు.

బార్‌క్రాఫ్ట్ తరువాత వచ్చినవారు మనుషుల విషయంలో కూడా చాలావరకు ఇదే బాట కనిపెట్టారు. ముఖ్యమైనవి నాలుగు మాటలు చెబుతాను. బిడ్డ గుండె కడుపులో పడిన ఇరవై రెండో రోజు ప్రాంతంలో కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి దానికి ఏ నరమూ లేదు, మా రింగర్ ద్రవంలోని కప్ప గుండె లాగే. వెన్నుపాము అంచు నుంచి బయలుదేరిన కణాలు రెండో నెలలో గుండెకు చేరి, అక్కడ నరాల ముడులు కట్టడం మొదలుపెడతాయి. స్కానింగులో చూస్తే గుండె వేగం తొమ్మిది, పది వారాలకు నిమిషానికి 170 దాకా పోయి, అక్కడి నుంచి దిగుతూ, నెలలు నిండేసరికి 140 చుట్టూ నిలుస్తుంది. 110 నుంచి 160 వరకు మామూలుగా లెక్కిస్తారు. ఈ దిగడంలో వేగస్ వాటా ఉంది. తల్లికి అట్రోపిన్ ఇస్తే అది మాయ దాటి బిడ్డకు చేరి బిడ్డ గుండె వేగాన్ని పెంచుతుంది. మా కప్పకు వేసిన చుక్క మందే. పగ్గం ముందు బిగుస్తుంది. ముల్లుకర్ర, అంటే సింపథెటిక్ నరాలు, ఆలస్యంగా వచ్చి పుట్టిన తరువాత కూడా ఎదుగుతూ ఉంటాయి.

ఇంకొకటి. ప్రాణవాయువు తగ్గితే మనకు గుండె దడదడలాడుతుంది. నెలలు నిండవచ్చిన గర్భస్థ శిశువుకు అందుకు విరుద్ధం. మెడ ధమనుల దగ్గరున్న చిన్న కావలి ముడులు కనిపెట్టి కబురు పంపగానే వేగస్ పగ్గం లాగుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అదే సమయంలో కాళ్ళూ చేతులూ, పేగుల వైపు రక్తనాళాలు బిగుసుకుని, ఉన్న కాస్త ప్రాణవాయువు మెదడుకూ గుండెకూ పోతుంది. కరువులో ఇల్లాలు గింజలు దాచి పసిపిల్లలకు పెట్టినట్టు. అసలే కడుపులో బిడ్డకు అందేది తక్కువ. బిడ్డ రక్తంలోని ప్రాణవాయువు పీడనం ఎవరెస్టు ఎక్కినవాడి రక్తంలో ఉన్నంతే అనే పోలిక బార్‌క్రాఫ్ట్ కాలం నుంచీ ఉంది. ఇది మాటవరసకు కాదని 2009లో తేలింది. ఎవరెస్టు మీద 8,400 మీటర్ల ఎత్తున పర్వతారోహకుల ధమని రక్తం తీసి కొలిస్తే సగటున 24.6 మిల్లీమీటర్లు వచ్చింది. కడుపులో బిడ్డకు దాదాపు అంతే. పెరూ కొండలెక్కిన మనిషి చివరకు గర్భసంచి దగ్గరికి ఎందుకు వచ్చారో ఇక్కడ తెలుస్తుంది. ఆయనకు అది కూడా ఒక కొండే.

1939లో ఆక్స్‌ఫర్డు వారితో కలిసి ఎక్స్‌రే సినిమా తీసి, గర్భస్థ గొర్రెపిల్ల గుండెలో రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని కిటికీ గుండా అటు నుంచి ఇటు ఎలా పోతుందో కళ్ళకు కట్టించారు. అంతలో యుద్ధం వచ్చింది. ఆయన్ను మళ్ళీ విషవాయువుల పనికి పిలిచారు. అది చూస్తూనే 1941లో వ్యవసాయ పరిశోధన మండలి తరఫున జంతు ఫిజియాలజీ విభాగానికి నాయకత్వం వహించి, గొర్రె నెమరువేత గురించి కూడా పని చేయించారు. 1943లో కోప్లీ పతకం వచ్చింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2011లో మా అమ్మాయికి ఏడో నెలలో రక్తపోటు పెరిగి, ఇరవై తొమ్మిదో వారంలోనే ఆపరేషను చేసి బిడ్డను తీయవలసి వచ్చింది. మగపిల్లవాడు. పదకొండువందల యాభై గ్రాములు. అద్దాల పెట్టెలో పెట్టారు. అది చూడగానే నాకు బార్‌క్రాఫ్ట్ గాజుగది గుర్తొచ్చిందంటే నమ్ముతారో లేదో. మూడో రోజు నుంచి వాడు ఊపిరి తీయడం మరిచిపోవడం మొదలుపెట్టాడు. ఇరవై సెకన్లు ఛాతీ కదలదు. పైన తెరమీద 150 ఉన్న అంకె 120, 100, 80 అని దిగిపోతుంది. గంట మోగుతుంది. నర్సమ్మ వచ్చి అరికాలు మీద వేలితో చిన్నగా కొడుతుంది. వాడు ఉలిక్కిపడి ఊపిరి తీస్తాడు, అంకె పైకి లేస్తుంది. రోజుకు ఎన్నిసార్లు జరిగేదో లెక్కపెట్టడం మా అల్లుడు రెండో రోజుకే మానేశాడు.

వియ్యపురాలు గారు గుండె జబ్బే అనుకున్నారు. మా అమ్మాయి మంచం మీద నుంచి నన్నే అడిగింది, నాన్నా నువ్వు ఇన్నేళ్ళు గుండెల దగ్గరే పనిచేశావుగా, చెప్పు అని. ఆ ఆసుపత్రిలో అడిగినదానికి నిలబడి జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు. నేను చూసినవి కప్ప గుండెలు. చదివింది నాలుగోవంతు అర్థమైన ఒక పుస్తకం. అయినా కారిడారులో కూర్చుని నాకు తోచినది చెప్పాను. వీడింకా తొట్టిలో ఉండవలసిన గొర్రెపిల్ల. ఊపిరిని నడిపించే చెయ్యి మెదడులో ఇంకా గట్టిపడలేదు, మధ్యలో జారిపోతోంది. పగ్గం మాత్రం కట్టి ఉంది. ప్రాణవాయువు తగ్గగానే అది లాగుతోంది, అందుకే అంకె పడుతోంది. గుండె చెడి కాదు. ఊపిరి అందగానే అంకె తిరిగి లేవడమే దానికి గుర్తు. ఇలా చెప్పానే గాని లోపల నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. నేను చెప్పినది తప్పయితే ఏమిటని ఆ రాత్రంతా నిద్ర లేదు.

మర్నాడు పెద్ద డాక్టరు గారు వచ్చి, నెలలు నిండని పిల్లల్లో ఇది మామూలేననీ, గుండె స్కానింగు బాగుందనీ చెప్పి, కెఫీన్ మందు కొనసాగించారు. కాఫీలో ఉండేదే, ఊపిరి యంత్రాంగాన్ని తట్టి లేపుతుంది. వాళ్ళమ్మ రోజూ కొంతసేపు వాణ్ణి గుండెలకు ఆనించుకుని పడుకునేది. ముప్పై మూడో వారానికి గంట మోగడం తగ్గింది. ముప్పై అయిదో వారం దాటాక ఒక్కసారీ మోగలేదు. ఏ మందుతో ఎంత తగ్గిందో, వారాలు గడవడం వల్ల ఎంత తగ్గిందో నేను విడదీసి చెప్పలేను. కడుపులో పడవలసిన పగ్గం వాడికి అద్దాలపెట్టెలో, మా అందరి కళ్ళముందు పడింది.

పిల్లవాడు బతికి బాగున్నాడు కాబట్టి ఇది ఇంత తేలిగ్గా రాస్తున్నాను. ఆ వార్డులో అందరికీ అలా జరగలేదు. ఆ గొర్రెపిల్లల సంగతి కూడా ఒక మాట రాయాలి. బార్‌క్రాఫ్ట్ తొట్టిలోకి వచ్చిన పిల్లలు తిరిగి మందలోకి పోలేదు. నా చేతుల మీదుగా పోయిన కప్పలకు లెక్కే లేదు. ఇప్పుడు కళాశాలల్లో కప్పలు లేవు, విద్యార్థులకు కంప్యూటరులో చూపిస్తున్నారు. మంచిదే. కాకపోతే మసి మీద గీత ఆగినప్పుడు గదిలో పడే ఆ నిశ్శబ్దం కంప్యూటరుకు రాదు.

బార్‌క్రాఫ్ట్ 1946లో, డెబ్బై నాలుగో ఏట ఆ పుస్తకం తెచ్చారు. 1947 మార్చి 21న కేంబ్రిడ్జిలో హఠాత్తుగా మరణించారు. చివరివరకూ ప్రయోగశాలకు వెళుతూనే ఉన్నారు. ఆయన పనిని ఆక్స్‌ఫర్డులో జెఫ్రీ డాస్, అమెరికాలో బ్యారన్, వారి శిష్యులు ముందుకు తీసుకెళ్ళారు. ఈ రోజు ప్రసవాల గదిలో బిడ్డ గుండె వేగం కాగితం మీద పడుతుంటే డాక్టరమ్మ ఎగుడుదిగుళ్ళు చూసి బిడ్డ క్షేమం అంచనా వేయడానికి వెనక ఈ గొర్రెల మందంతా ఉంది.

2006 జూన్‌లో, రిటైరయ్యే వారం, లైబ్రరీలో నో డ్యూస్ సంతకం కోసం వెళ్ళి ఆ పుస్తకం ఇంకా ఉందా అని చూశాను. ఉంది. వెనక అంటించిన చీటీలో 1985 తరువాత తేదీ ముద్ర లేదు. ముందు పుటలో మొదటి సంపుటం అని ఉంది. రెండోది ఉందేమోనని లైబ్రేరియను గారు కేటలాగు కార్డులన్నీ తిరగేశారు. రెండోది ఆయన రాయకుండానే పోయారని అప్పటికి నాకు తెలుసు. అయినా ఆయన వెతుకుతుంటే వద్దనలేదు, పక్కన నిలబడ్డాను.